పాత సినిమా ప్రకటనల కింద చిత్రకారుడి పేరు కూడా వేయండి

గౌరవనీయులైన సంపాదకులకు నమస్కారం.

మీ ఆదివారం అనుబంధంలో పాత చిత్రాల గురించి వచ్చే శీర్షికను చాలాకాలంగా శ్రద్ధగా చదువుతున్నాను. వ్యాసంతో పాటు ఆ చిత్రం వాల్‌పోస్టరునో, విడుదలనాటి పత్రికా ప్రకటననో తప్పకుండా అచ్చువేస్తున్నారు. దాని కింద కథానాయకుడి పేరు, దర్శకుడి పేరు, విడుదలైన సంవత్సరం ఉంటాయి. ఒక్కోసారి ఆ కాగితాన్ని ఇన్నేళ్లు దాచి మీకు పంపిన పాఠకుడి పేరూ ఉంటుంది. ఆ బొమ్మ గీసి, ఆ అక్షరాలు రాసి, ఏ ముఖం ఎక్కడ ఎంత పెద్దగా కనిపించాలో నిర్ణయించిన చిత్రకారుడి పేరు మాత్రం ఉండదు. ఇది మీ ఒక్క పత్రికకే ఉన్న అలవాటు కాదు. పుస్తకాల్లోనూ, టీవీ కార్యక్రమాల్లోనూ, సినిమా వేడుకల్లో పెట్టే ప్రదర్శనల్లోనూ ఇదే జరుగుతోంది. అయితే దీన్ని సరిదిద్దడానికి అవసరమైన సామగ్రి అంతా తెలుగు పత్రికల దగ్గరే భద్రంగా ఉందని నా నమ్మకం. అందుకే ఈ లేఖ మీకు రాస్తున్నాను.

ఈ రంగంలో ఒక జీవితం ఎలా గడిచిందో తెలుసుకోవాలంటే ఈశ్వర్ గారిని మించిన ఉదాహరణ లేదు. ఆయన పూర్తి పేరు కొసనా ఈశ్వరరావు. స్వస్థలం మా పశ్చిమ గోదావరి జిల్లా పాలకొల్లు. కాకినాడలో పాలిటెక్నిక్ చదువును మధ్యలోనే ఆపేసి, బొమ్మల మీద మమకారంతో మద్రాసు చేరారు. అప్పటికే సినిమా ప్రచార చిత్రకళలో పేరున్న కేతా గారి దగ్గర పని నేర్చుకుని, ఆ తర్వాత తన పేరుతోనే సొంత సంస్థ పెట్టుకున్నారు. 1967లో బాపు గారు దర్శకుడిగా తన తొలి చిత్రం ‘సాక్షి’ తీసినప్పుడు దాని పబ్లిసిటీ పనిని ఈశ్వర్ గారికి అప్పగించారు. బాపు గారు స్వయంగా తెలుగు పత్రికలకూ పుస్తకాలకూ వేలకొద్దీ బొమ్మలు వేసినవారు, ప్రకటనల సంస్థల్లో పనిచేసి వ్యాపార చిత్రకళ లోతుపాతులు తెలిసినవారు. అంతటి చిత్రకారుడు తన మొదటి సినిమాను జనం ముందుకు తీసుకెళ్లే పనిని ఒక కొత్తవాడి చేతిలో పెట్టారంటే, ఆ కొత్తవాడి చేతిలో ఏం చూశారో మనం ఊహించవచ్చు.

అక్కడ మొదలైన ప్రయాణం 2000లో వచ్చిన ‘దేవుళ్ళు’ దాకా సాగింది. తెలుగుతో పాటు తమిళం, కన్నడం, మలయాళం, హిందీ చిత్రాలనూ కలుపుకుంటే ఆయన పనిచేసినవి 2600కు పైగానే. ముప్పై మూడేళ్లలో ఇన్ని చిత్రాలంటే, సగటున నెలకు ఆరేడు సినిమాలు. ఒక్కో సినిమాకు ఒక్క బొమ్మతో సరిపోదు. చిత్రం ప్రారంభోత్సవానికి ఒక ప్రకటన, విడుదల తేదీ ఖరారయ్యాక ఇంకొకటి, విడుదల రోజున మరొకటి, ఆడితే యాభై రోజులకూ వంద రోజులకూ వేరు వేరుగా. ఇవి కాక గోడలకు సింగిల్ షీటు నుంచి ఆరు షీట్ల దాకా పోస్టర్లు, థియేటరు గుమ్మం దగ్గర అద్దాల పెట్టెలో పెట్టే ఫోటో కార్డులు, హోర్డింగుకు నమూనా, పాటల పుస్తకానికి అట్ట. వీటన్నిటికీ గడువు నిర్ణయించేది చిత్రకారుడు కాదు, విడుదల తేదీ. ఎంత గొప్ప చిత్రకారుడికైనా అది మామూలు శ్రమ కాదు.

ఆ శ్రమ ఎలాంటిదో ఈ తరం పాఠకులకు కొంత చెప్పాలి. నిర్మాత నుంచి చిత్రకారుడికి అందేవి షూటింగులో తీసిన స్టిల్స్, చెప్పిన కథ, నటీనటుల పేర్లు ఏ వరుసలో రావాలన్న ఆదేశం. ఆ స్టిల్స్‌లోంచి పనికొచ్చే ముఖాలను ఎంచి, కావలసిన పరిమాణంలో బ్రోమైడ్ కాగితం (ఫోటోలు ముద్రించే కాగితం) మీద పెద్దవి చేయించి, అంచుల వెంట కత్తిరించి, అట్టమీద అతికించి, అతుకు కనిపించకుండా కుంచెతో రంగు కలుపుకుంటూ పోవాలి. కోపంగా ఉన్న ఫోటో దొరక్కపోతే నవ్వుతున్న ముఖం మీదే కనుబొమలు దిద్ది, పెదవుల గీత మార్చి కోపం తెప్పించాలి. కొన్ని పోస్టర్లలో ఫోటో అన్నదే ఉండదు. మొత్తం పోస్టర్ కలర్లతో కుంచె, కత్తి ఉపయోగించి వేసిన బొమ్మే. ‘సాక్షి’ నలుపు తెలుపు చిత్రం. ఆ కాలంలో వచ్చిన చాలా తెలుగు సినిమాలు అలాంటివే. ఆ సినిమాల్లో నాయిక చీర ఏ రంగుదో ప్రేక్షకుడికి తెర మీద కనిపించదు. ఆ రంగును నిర్ణయించినవాడు పోస్టరు చిత్రకారుడు. మన పెద్దల జ్ఞాపకాల్లో ఆ చిత్రాలకు రంగులున్నాయంటే అవి ఊరి గోడల మీద ఈశ్వర్ గారిలాంటివారు వేసిన రంగులే. నేను చిత్రలేఖన ఉపాధ్యాయుడిగా పనిచేసిన కాలంలో, పిల్లలు నా దగ్గరికి రాకముందే గోడల మీది పోస్టర్లు చూసి ముఖాలు గీయడం నేర్చుకుని వచ్చేవారు. వాళ్లకు మొదటి గురువు నేను కాదు.

అక్షరాల సంగతి ప్రత్యేకంగా చెప్పుకోవాలి, ఎందుకంటే ఈ చిత్రకారులు తెలుగు లిపికి చేసిన సేవను ఎవరూ సరిగ్గా లెక్కలోకి తీసుకోలేదు. అచ్చు పరిశ్రమలో తెలుగుకు అప్పట్లో ఉన్న అక్షర రూపాలు వేళ్ల మీద లెక్కపెట్టగలిగినవి. పుస్తకం అచ్చుకు సరిపోతాయి గానీ ఇరవై అడుగుల దూరం నుంచి సైకిలు మీద పోయేవాణ్ణి ఆపడానికి చాలవు. అందుకే ప్రతి సినిమా పేరునూ చేత్తోనే రాయాలి. ఇంగ్లీషు అక్షరాలైతే ఒక గీత మీద సమంగా కూర్చుంటాయి. తెలుగు అక్షరం అలా కాదు. పైన తలకట్టు, గుడి, ఏత్వం, కింద వత్తు, పక్కన దీర్ఘం, కొమ్ము. ఒక పదంలో వత్తు లేకపోతే కింద ఖాళీ మిగులుతుంది, రెండు వత్తులు వస్తే కింద రాయాల్సిన నటుల పేర్లకు అడ్డం పడుతుంది. ఈ ఇబ్బందినే ఆ చిత్రకారులు అందంగా మలుచుకున్నారు. మొదటి అక్షరం తలకట్టును సాగదీసి పదమంతటికీ గొడుగు పట్టడం, చివరి దీర్ఘాన్ని వంచి నాయకుడి భుజం వెనక్కి పోనివ్వడం, వత్తును కొంచెం పక్కకు జరిపి ఆ సందులో దర్శకుడి పేరు కూర్చోబెట్టడం, ఇవన్నీ మామూలు పనిలో భాగంగా చేసేశారు. పౌరాణికానికి నిండైన గుండ్రటి అక్షరాలు, నేరకథకు పగుళ్లు వారిన అక్షరాలు, కుటుంబ కథకు చేతిరాతలాంటి మెత్తని అక్షరాలు. చదువు అంతంతమాత్రంగా వచ్చినవారు కూడా సినిమా పేరును గోడ మీద గుర్తుపట్టి చదివేవారు. బాపు గారి చేతిరాత తర్వాతి కాలంలో కంప్యూటర్ ఫాంటుగా మారి నేటికీ శుభలేఖల మీద కనిపిస్తోంది. సినిమా పోస్టర్ల మీది వందలాది రాతల్లో అలా బతికి బట్టకట్టింది చాలా స్వల్పం.

పత్రికల్లో వచ్చే ప్రకటనలకు మరో చిక్కు ఉండేది. సీసపు అక్షరాలతో అచ్చువేసిన రోజుల్లో ఫోటోను చుక్కలుగా విడగొట్టి హాఫ్‌టోన్ బ్లాకు చేయించాలి. న్యూస్‌ప్రింట్ సిరాను పీల్చుకుంటుంది, చుక్కలు ఒకదానిలో ఒకటి కలిసిపోయి ముఖం నల్లటి మచ్చగా మారుతుంది. ఇది తెలిసిన చిత్రకారులు పత్రికా ప్రకటనకు వేరే పద్ధతి పాటించారు. ముఖాన్ని గట్టి నలుపు, తెలుపులుగా విడదీసి, నీడ కావలసిన చోట సన్నని గీతలు వరుసగా గీసి, చుక్కలు లేకుండా గీతలను మాత్రమే అచ్చువేసే లైన్ బ్లాకుకు అనువుగా బొమ్మ తయారుచేసేవారు. నా దగ్గర భద్రంగా ఉన్న ఒక పాత ప్రకటనను భూతద్దం కింద పెట్టి చూస్తే నాయిక చెంప మీద నీడంతా ఒకే వైపుకు వాలిన గీతలే; కంటి దగ్గరికి వచ్చేసరికి గీతల మధ్య దూరం తగ్గి, ముక్కు అంచున గీత తెగిపోయి కాగితం తెలుపే వెలుగుగా నిలిచింది. మొత్తం పత్రికలో రెండు కాలమ్‌ల వెడల్పు, జానెడు ఎత్తు కూడా లేని ప్రకటన. మర్నాటికి పాతబడే కాగితం కోసం ఒక మనిషి అంత నిష్ఠగా పనిచేశాడు.

ఇంత పని చేసినవారికి దక్కిన గుర్తింపు సంగతి చూడండి. ఈశ్వర్ గారు తన అనుభవాన్నీ, తన ముందుతరం వారి చరిత్రనూ కలిపి ‘సినిమా పోస్టర్’ అనే గ్రంథం రాశారు. దానికి రాష్ట్ర ప్రభుత్వం నంది పురస్కారం ఇచ్చింది. అంటే పోస్టర్ల గురించి రాసిన పుస్తకానికి నంది లభించింది గానీ, ఆయన వేసిన పోస్టరుకు నంది ఇవ్వడానికి విభాగమే లేకపోయింది. కళా దర్శకుడికీ, దుస్తులు రూపొందించినవారికీ, మేకప్ చేసినవారికీ పురస్కారాలుండేవి. జాతీయ చలనచిత్ర పురస్కారాల్లోనూ అంతే, ప్రచార చిత్రకారుడికి చోటు లేదు. 2015 సంవత్సరానికి రఘుపతి వెంకయ్య పురస్కారానికి ఆయనను ఎంపిక చేసినప్పుడు, జీవితకాల కృషికైనా గుర్తింపు వచ్చిందని నాలాంటివారు సంతోషించాం. 2021 సెప్టెంబరు 21న చెన్నైలో ఆయన కన్నుమూశారు. ఆ మర్నాడు పత్రికలన్నీ నివాళులు ప్రచురించాయి. అది మంచి పనే. కానీ ఆ తర్వాత కూడా ఆయన వేసిన బొమ్మలు ఆయన పేరు లేకుండానే అచ్చవుతున్నాయి. ఇది నాకు చాలా బాధ కలిగిస్తోంది.

బొమ్మకు డబ్బు తీసుకున్నాక పేరు అడగడమేమిటని కొందరు అంటారు. ఈ వాదనను చట్టమే ఒప్పుకోదు. 1957 కాపీరైట్ చట్టం ప్రకారం, ప్రతిఫలం ఇచ్చి గీయించుకున్న చిత్రం మీద, వేరే ఒప్పందం లేనప్పుడు, తొలి యాజమాన్య హక్కు గీయించుకున్నవారిదే. అందుచేత పోస్టరు నిర్మాత ఆస్తి అన్న మాట నిజమే. కానీ అదే చట్టంలోని 57వ సెక్షను, హక్కులన్నీ అమ్ముకున్న తర్వాత కూడా, ఈ కృతి నాది అని చెప్పుకునే హక్కును కర్తకు మిగిల్చింది. ఆయన తర్వాత ఆయన వారసులు కూడా దాన్ని కోరవచ్చు. ఢిల్లీలోని విజ్ఞాన్ భవన్ గోడకు శిల్పి అమర్‌నాథ్ సెహగల్ చేసిన కంచు కుడ్యశిల్పాన్ని ప్రభుత్వం ఊడదీసి పాడుచేసినప్పుడు, 2005లో ఢిల్లీ హైకోర్టు ఈ సెక్షను ఆధారంగానే శిల్పి పక్షాన తీర్పు చెప్పింది. డబ్బు ఇచ్చి చేయించుకున్నది ప్రభుత్వమే అయినా కర్తకున్న హక్కు పోలేదు. నేను ఎవరినీ కోర్టుకు లాగమని అనడం లేదు. పేరు వేయడం దయాదాక్షిణ్యాల వ్యవహారం కాదని మాత్రమే చెబుతున్నాను.

ఇక అసలు విషయానికి వస్తాను. ఈ బొమ్మల మూల చిత్రాలు చాలావరకు మిగల్లేదు. చిత్రకారుడు అట్టమీద వేసిన బొమ్మ ప్రెస్సుకు వెళ్లి, రంగులు విడగొట్టే పని పూర్తయ్యాక, తిరిగి ఆయన చేతికి రావాలన్న నియమమేమీ లేదు. శివకాశిలోనూ మద్రాసులోనూ అచ్చయిన పోస్టర్లు విజయవాడ గాంధీనగర్‌లోని పంపిణీదారుల కార్యాలయాలకు కట్టలుగా వచ్చి, అక్కడి నుంచి ఊరూరా వెళ్లి, మైదా జిగురుతో గోడలకెక్కి, వారం తిరక్కుండానే మరో పోస్టరు కిందికి పోయేవి. ప్రచురించిన పుస్తకం ప్రతిని జాతీయ గ్రంథాలయానికీ మరికొన్ని గ్రంథాలయాలకూ పంపాలని 1954లోనే చట్టం వచ్చింది, 1956లో పత్రికలనూ అందులో చేర్చారు. సినిమా పోస్టరు ప్రస్తావన ఆ చట్టంలో లేదు. పుణెలో 1964లో ఏర్పడిన జాతీయ చలనచిత్ర భాండాగారం పోస్టర్లనూ పాటల పుస్తకాలనూ సేకరిస్తూ వచ్చింది గానీ, దేశంలోని అన్ని భాషల భారమూ దాని మీదే ఉంది. పోలండు రాజధాని వార్సాలో 1968లోనే పోస్టర్లకంటూ మ్యూజియం తెరిచారు. ప్రపంచంలోనే అత్యధిక చిత్రాలు తీసే పరిశ్రమల్లో ఒకటని చెప్పుకునే మనకు రెండు రాష్ట్రాల్లో ఎక్కడా అలాంటి శాశ్వత ప్రదర్శనశాల లేదు. పాలకొల్లులోనో విజయవాడలోనో హైదరాబాదులోనో ఒక హాలు కేటాయించడం ప్రభుత్వాలకు పెద్ద ఖర్చు కాదు. ఆ విషయం ప్రభుత్వాలకు వేరుగా రాస్తాను.

పత్రికలు మాత్రం ఎవరి ఉత్తర్వు కోసమూ ఎదురుచూడాల్సిన అవసరం లేదు. గోడమీది పోస్టరు చిరిగిపోయింది, మూల చిత్రం పోయింది, కానీ ఆ సినిమా ప్రకటన తేదీతో సహా మీ పాత సంచికల బైండు పుస్తకాల్లో ఉంది. ఏ చిత్రం ఏ రోజు విడుదలైంది, ఏ ఊళ్లో ఏ థియేటరులో ఆడింది, యాభయ్యో రోజుకు ప్రకటన రూపం ఎలా మారింది, వీటన్నిటికీ తిరుగులేని సాక్ష్యం అదే. చాలా ప్రకటనల అడుగున మూలలో చిత్రకారుడి సంతకం కూడా ఉంటుంది. జాగ్రత్తగా చూస్తే ఈశ్వర్ గారితో పాటు కేతా, గంగాధర్ వంటివారి పనినీ గుర్తుపట్టవచ్చు. ఇక్కడే చిన్న హెచ్చరిక చేయాలి. ఇటీవల ఈ బొమ్మలను తిరిగి వాడుకునేవారు చోటు సరిపోవడానికి అంచులు కత్తిరిస్తున్నారు. ఆ కత్తిరింపుతో మొదట పోయేది మూలనున్న సంతకమే. మీ పేజీలు కూర్చేవారికి ఈ ఒక్క సంగతి చెప్పినా ఎంతో మేలు.

సంతకం లేనివాటికి మరో ఆధారం ఉంది. చిత్రం మొదట్లో వచ్చే పేర్లలో పబ్లిసిటీ ఎవరిదో ఉంటుంది. పాటల పుస్తకాల్లో సాంకేతిక నిపుణుల పట్టికలో కూడా ఆ పేరు అచ్చువేసేవారు. ఈ రెండింటినీ ప్రకటనతో సరిచూసుకుంటే చాలావాటికి కర్త ఎవరో తేలుతుంది. అయితే ఒక్కో సంస్థలోనూ అక్షరాలు మాత్రమే రాసినవారు, ఫోటోలకు రంగులు వేసినవారు, లేఅవుట్లు కొలతలకు పెంచినవారు అనేకమంది సహాయకులుగా పనిచేశారు. వారి పేర్లు ఏ తెరమీదా రాలేదు. వారిలో బతికున్నవారు ఇప్పుడు పెద్ద వయసులో ఉన్నారు. చెన్నైలోనూ విజయవాడలోనూ మీకు విలేకరులున్నారు. వారు వెళ్లి ఈ పెద్దలతో మాట్లాడి, ఏ బొమ్మ ఎవరిదో అడిగి రాసుకోవడం ఇప్పుడు జరగకపోతే, తర్వాత ఎవరు ఎంత డబ్బు పెట్టినా జరగదు. కంప్యూటర్లు, ఫ్లెక్సీలు వచ్చాక కుంచెను పక్కనపెట్టి వేరే పనులకు మళ్లినవారు చాలామంది ఉన్నారు. వారి ఇళ్లలో అటకల మీద ఇంకా కొన్ని లేఅవుట్లూ కుంచెలూ ఉండే అవకాశముంది.

కాబట్టి నా విన్నపం ఇది. మీ ఆదివారం శీర్షికలో పాత పోస్టరు లేదా ప్రకటన అచ్చువేసిన ప్రతిసారీ, తెలిసినచోట చిత్రకారుడి పేరు వేయండి; తెలియనిచోట తెలియదని వేసి పాఠకులను అడగండి. తెలుగు పాఠకుల్లో ఇలాంటి వివరాలు దాచుకున్నవారు తక్కువేమీ కాదు, జవాబులు తప్పకుండా వస్తాయి. 1967 నుంచి 2000 దాకా ఉన్న మీ సంచికల్లోని సినిమా ప్రకటనలను అంచులు కోయకుండా పూర్తి పరిమాణంలో స్కాన్ చేయించి, తేదీవారీగా విద్యార్థులకూ పరిశోధకులకూ అందుబాటులో ఉంచండి. లలితకళల కళాశాలల విద్యార్థులకు ఈ పనిని ప్రాజెక్టుగా అప్పగిస్తే ఖర్చూ తగ్గుతుంది, వారు తెలుగు అక్షరాన్ని గీసే విద్యనూ నేర్చుకుంటారు. నా దగ్గరున్న పాటల పుస్తకాలనూ ప్రకటనల కత్తిరింపులనూ స్కాన్ కోసం ఇవ్వడానికి సిద్ధంగా ఉన్నాను. కవరులో నా చిరునామా రాశాను. మీ భీమవరం కార్యాలయం నుంచి ఎవరైనా వస్తే, అట్టపెట్టెల్లో సంవత్సరాలవారీగా సర్ది ఉంచిన ఆ కాగితాలను స్వయంగా అప్పగిస్తాను. పని ముగిశాక తిరిగి ఇస్తే చాలు.

భవదీయుడు,
విశ్రాంత చిత్రలేఖన ఉపాధ్యాయుడు,
భీమవరం, పశ్చిమ గోదావరి జిల్లా.